అత్తమ్మ తానానికి షవరు

మా అత్తమ్మ కుడి చెయ్యి విరిగింది బాత్రూములో కాదు, ఖాజాగూడలో. చెల్లెల్ని చూడటానికి వెళ్లి, ఆటో పూర్తిగా ఆగకముందే కాలు కింద పెట్టింది. ఈ సంగతి ఎవరన్నా అంటే ఆమె ఇప్పటికీ ఒప్పుకోదు. ఆటో ఆగిందనీ, రోడ్డే సరిగ్గా లేదనీ ఆమె వాదన. మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. డాక్టరు మోచేతి దాకా పిండికట్టు వేసి, ఆరు వారాలు దాని మీద నీటి చుక్క పడకూడదని చెప్పాడు. దవాఖాన నుంచి ఇంటికి వచ్చేవరకు ఆమె నొప్పి అన్న మాటే ఎత్తలేదు. సోఫాలో కూర్చుని, చేతిని దిండు మీద పెట్టుకుని, మమ్మల్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"మరి నా తానమెట్ల?"

అది చిన్న ప్రశ్న కాదని నాకూ నా భార్యకూ తెలుసు. అత్తమ్మ నాలుగేళ్లుగా మా దగ్గరే ఉంటోంది. ఆమె రోజులో అన్నం వేళ మారవచ్చు, నిద్ర వేళ మారవచ్చు, స్నానం వేళ మారదు. పొద్దున పదింటికి బకెట్టు నిండా వేడినీళ్లు పట్టుకుని, పీట వేసుకుని కూర్చుంటే, చెంబుతో పోసుకుంటూ ముప్పావుగంట. లోపల ఆమె తనతో తాను మాట్లాడుకుంటుంది. చుట్టాల తగాదాలు చాలావరకు అక్కడే తీర్పు చెప్పుకుని బయటికి వస్తుంది. ఖాజాగూడ చెరువు దిగువన వాళ్లకు పొలం ఉన్న రోజుల్లో తెల్లవారుజామున నీళ్లు పెట్టి, కలుపు తీసి, పదింటికి ఇంటికొచ్చి స్నానం చేసేదట. పొలం పోయి అక్కడ అద్దాల మేడలు లేచినా, ఆ పదింటి స్నానం మాత్రం ఉండిపోయింది.

ఇప్పుడు ఆ స్నానం నా భార్య చేయించాల్సి వచ్చింది. ఆమె బాచుపల్లిలో ఒక బడిలో లెక్కలు చెబుతుంది. మేముండే నార్సింగి నుంచి ఆ బడి బస్సు ఆరున్నరకే బయలుదేరుతుంది. అంటే అత్తమ్మ స్నానం ఐదున్నరకు జరగాలి. పిండికట్టుకు ప్లాస్టిక్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, పీట మీద కూర్చోబెట్టి, గబగబా నాలుగు చెంబులు పోసి, తుడిచి పంపేసేది. అత్తమ్మ రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు, పసిపిల్ల లెక్క పక్కోళ్లు పోస్తే పోసుకునుడు తానం కాదని తేల్చింది. నాలుగో రోజు, కట్టు విప్పేదాకా ఇక స్నానమే వద్దంది. అది ఏప్రిల్ నెల.

మా ఇంట్లో షవరు లేక కాదు. బిల్డరు పెట్టిచ్చినది ఒకటి ఉంది. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని దాని రంధ్రాల్లో ఆరో ఏడో మిగిలాయి. విప్పితే ఒక ధార తలుపు మీదికి, ఒకటి అద్దం మీదికి, ఒకటి సీలింగుకు పోయేది. మనిషి మీద మాత్రం పడేది కాదు. దాని మెడకు నా బనియన్లు ఆరేసుకునేవాణ్ణి.

ఆ సాయంత్రం నా భార్య నాకు చాలా స్పష్టంగా చెప్పింది. చేత్తో పట్టుకుని స్నానం చేసే షవరు ఒకటి, పొడుగాటి పైపుతో. అంతే. మర్నాడు ఆఫీసుకు బయలుదేరుతుంటే అదే మాట ఫోనులో మెసేజీ కూడా పెట్టింది. చివర "అంతే" అని మళ్లీ రాసింది. నా గురించి ఆమెకు తెలుసు.

నాది నంద్యాల వైపు. హైటెక్ సిటీకి వచ్చి పద్దెనిమిదేళ్లు. ఇంకొకరు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. దాంతో ఏ వస్తువు కొనబోయినా ముందు పట్టిక తయారుచేసే జబ్బు ఒకటి అంటుకుంది. ఆ రాత్రి పదకొండు రకాల షవర్లను పట్టికలో పెట్టాను. పళ్లెం వెడల్పు, రంధ్రాల సంఖ్య, ధారల తీరు, లోహం, వారంటీ, అన్నీ గడులు గీసి నింపాను. నా భార్య దాన్ని చదివి, అన్నీ ఉన్నాయి గాని మా అమ్మ ఏదీ అంది.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసు నుంచి కొండాపూర్ దారిలో ఒక పెద్ద షోరూముకు వెళ్లాను. బయట మండే ఎండ, లోపల చలి. కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి ఎదురొచ్చి, "మీరు ఎలాంటి అనుభూతి కోసం చూస్తున్నారండి?" అని అడిగాడు. మా అత్తగారి స్నానం కోసమని చెప్పాను. ఆయన మహా గౌరవంగా తలూపి, చేతి షవర్లు వేలాడుతున్న గోడను దాటించి, నన్ను లోపలి గదికి తీసుకెళ్లాడు. అక్కడ సీలింగు నుంచి విస్తరంత వెడల్పున ఒక పళ్లెం దిగివుంది. దాని కింద గోడకు నాలుగు చిన్న మూతులు. వేడి ఎంతుందో చూపే చిన్న అద్దం. వాన, జలపాతం, పొగమంచు అని మూడు తీరులు. సెట్టుతోపాటు చేతి షవరు కూడా వస్తుందని ఆయన చివర్లో అన్నాడు. ఆ ఒక్క మాట నాకు చాలింది. ఇంట్లో చెప్పిన వస్తువు అందులో ఉంది కదా.

అయినా పరీక్షించకుండా కొనడం నా వృత్తికి మచ్చ. పనిచేసేది చూపించమన్నాను. ఆయన నన్ను ఒక గీత వెనక నిలబడమన్నాడు. నేను పళ్లెం రంధ్రాలు దగ్గరగా చూద్దామని గీత దాటి మెడ పైకెత్తాను. పై నుంచి ఏమీ రాలేదు. గోడలో ఉన్న నాలుగు మూతులూ ఒక్కసారి పేలి, గొంతు నుంచి మోకాళ్ల దాకా నన్ను తడిపేశాయి. ఆయన కంగారుగా కట్టేసి, ఎలా ఉందండి అని అడిగాడు. చెమటతో వచ్చిన మనిషికి అబద్ధమాడటం కష్టం. హాయిగా ఉందన్నాను. మెడలో ఐడీ కార్డు నుంచి నీళ్లు కారుతుండగానే బిల్లు రాయించాను.

ఇంటికి వెళ్లి బట్టలు మార్చుకునే వ్యవధి లేదు. మూడింటికి మీటింగు. అలాగే ఆఫీసుకు వెళ్లి, ఎవరితోనూ మాట్లాడకుండా నా కుర్చీలో కూర్చున్నాను. మా అంతస్తులో ఏసీ చలికి కిటికీలు ఎప్పుడూ తెరలతో మూసే ఉంటాయి. బయట ఎండో వానో నడిచి వచ్చిన మనిషిని చూసి తెలుసుకోవాల్సిందే. నన్ను చూసి ఎవరో కొండాపూర్‌లో పెద్ద వాన మొదలైందని గ్రూపులో పెట్టారు. మా వైపు వాన అంటే ఏమిటో అందరికీ తెలుసు. అరగంట ఆలస్యమైతే ఇల్లు చేరడానికి మూడు గంటలు. నేను మీటింగు గదిలోకి వెళ్లేసరికి అందులో ఇద్దరే ఉన్నారు. మిగిలినవాళ్లు బ్యాగులు సర్దుకుని లిఫ్టుల దగ్గర వరసలో నిలబడ్డారు. కిందికి వెళ్లి ఎండ చూసి తిరిగొచ్చినవాళ్లు తక్కువే. ఎలాగూ దిగాం కదా అని చాలామంది అటే పోయారు. తర్వాత వారం మా మేనేజరు నన్ను పక్కకు పిలిచి, ఆ రోజు నేను తడిసింది ఎక్కడని నిదానంగా అడిగాడు. చెప్పాను. ఆయనా అప్పుడు కొత్త ఇల్లు కట్టుకుంటున్నాడు. ఆ మోడల్ ఏదో తనకూ పంపమన్నాడు.

డబ్బా ఇంటికొచ్చిన రోజు నా భార్య దాని చుట్టూ ఒకసారి తిరిగి, పరీక్షా పేపర్లు దిద్దుకోవడానికి కూర్చుంది. అత్తమ్మ మాత్రం, కొత్త బీరువా తెచ్చినవా అల్లుడా అని అడిగింది.

ప్లంబరు శనివారం పొద్దున వచ్చాడు. యాభై దాటిన మనిషి, పాత నార్సింగి ఊరివాడే. పంపు పని, పైపు పని ముప్పై ఏళ్లుగా చేస్తున్నాడు. డబ్బా విప్పి, పళ్లెం చేతిలోకి తీసుకుని, బరువు చూసి, కింద పెట్టాడు. బాత్రూములోకి వెళ్లి పైకి చూశాడు.

"సార్, మీదే లాస్ట్ ఫ్లోరా?"

అవునన్నాను. ఐదంతస్తుల్లో ఐదోది మాది, నీళ్ల ట్యాంకు సరిగ్గా మా నెత్తి మీదే ఉంది, కాబట్టి ధార బ్రహ్మాండంగా ఉంటుందని కూడా అన్నాను. సెలవు రోజైనా తీయని నా మెడలోని ఐడీ కార్డు వైపు ఆయన ఒకసారి చూశాడు.

"నెత్తి మీదుంటెనే రాదు సార్. నీళ్లకు దుంకడానికి జర ఎత్తు కావాలె. గిదే కింద ఫస్ట్ ఫ్లోరుల పెడితె దబదబ పడ్తది. మీకూ ట్యాంకుకూ నడుమ గజం ఎత్తు లేదు."

ప్రెషరు పంపు పెట్టుకోవచ్చునన్నాడు. కాని పంపుల మోత పడక మా అపార్ట్‌మెంటు సంఘం వాటిని ఎప్పుడో నిషేధించింది. ఆ తీర్మానానికి చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. డబ్బా తిప్పి, తక్కువ ధారలోనూ పనిచేస్తుందని రాసిన వాక్యం ఆయనకు చదివి వినిపించాను.

"డబ్బా మీద రాసిండ్రా? అయితె ఇగ ఫికరేంది," అని ఆయన సుత్తి తీశాడు.

గోడ పలకలు నాలుగు ఊడొచ్చాక అసలు కథ మొదలైంది. పాత షవరు మెడ ఉప్పుతో బిగుసుకుపోయి తిరగలేదు. ఆయన పానాతో బలంగా తిప్పితే, మెడ రాలేదు, గోడలోని పైపు ముక్కే విరిగొచ్చింది. ఇందాక కట్టేశానని ఆయన అనుకున్న వాల్వు కూడా ఉప్పు పట్టి పూర్తిగా మూసుకోలేదు. గోడలోంచి నీళ్లు బయటికి చిమ్మాయి. ఎత్తు లేక ధార రాదన్న నీళ్లే, ఆ చిన్న రంధ్రంలోంచి ఎదుటి గోడ దాకా కొడుతున్నాయి. ఆయన అరచెయ్యి అడ్డం పెట్టి, పైకి పోయి మన వాల్వు బంద్ చెయ్యమని నాతో చెప్పాడు.

టెర్రస్ మీదికి పరుగెత్తాను. ట్యాంకు కింద వరసగా పది వాల్వులు, అన్నీ ఒకే రంగు, ఒకే తుప్పు. వాటిలో ఒక్కదాని మీద మాత్రం ఎవరో సుద్దముక్కతో "ఇది కాదు" అని రాశారు. దాన్ని వదిలేసి, ఒక్కో వాల్వు కట్టడం, మా ఇంటికి ఫోను చేసి వాల్వు ఆగిందా అని అడగడం, లేదంటే పక్కదానికి పోవడం. కట్టిన వాటిని మళ్లీ తెరవాలన్న ఆలోచన ఆ కంగారులో రాలేదు. తొమ్మిదీ అయిపోయాయి. మా ఇంట్లో నీళ్లు ఆగలేదు గాని, అపార్ట్‌మెంటు గ్రూపులో మెసేజీలు ఆగకుండా వస్తున్నాయి.

అప్పుడు మెట్ల తలుపు తెరుచుకుని మూడో అంతస్తు పెద్దాయన వచ్చాడు. రిటైర్డ్ ఇంజనీరు, గుంటూరు మనిషి. నడుముకు తువ్వాలు, నెత్తి నిండా సబ్బు నురగ, ఒక కన్ను మూసుకుని ఉన్నాడు.

"ఏమండీ, మీరేనా?" అన్నాడు.

నేనేనని ఒప్పుకుని, క్షమించమని, పరిస్థితి చెప్పాను. ఆయన తెరిచి ఉన్న ఒక్క కన్నుతో వాల్వులన్నీ చూసి, "ఇది కాదు" అన్నదాన్ని ఎందుకు కట్టలేదని అడిగాడు. కాదని రాసుంది కదా అన్నాను.

"అది రాసింది నేనండీ. పోయినేడు మా వాల్వు కోసం వెతుక్కుంటూ, ఇది మాది కాదని గుర్తు పెట్టుకున్నా," అన్నాడు.

అది మాది. కట్టేసి, మిగిలిన తొమ్మిదీ తెరిచి, ఆయన్ను చెయ్యి పట్టుకుని మెట్లు దించి, వాళ్ల తలుపు దాకా దిగబెట్టి, పైకి వచ్చాను.

ఇంట్లో నేననుకున్న వరద లేదు. ప్లంబరు డైనింగు కుర్చీలో తడిబట్టలతో కూర్చుని టీ తాగుతున్నాడు. బాత్రూము గోడలో పైపు రంధ్రానికి గుడ్డ చుట్టిన క్యారెట్టు ఒకటి బిగించి ఉంది. నేను పైన ఐదో వాల్వు దగ్గర ఉన్నప్పుడే అత్తమ్మ ఆ పని చేసిందట. ఎడమ చేత్తో కూరగాయల బుట్టలోంచి సన్నటి క్యారెట్టు ఏరి, తడిగుడ్డ చుట్టి, ప్లంబరును చెయ్యి తీయమని, రంధ్రంలో పెట్టి, రోకలితో రెండు దెబ్బలు కొట్టిందట. బాయి మోటారు పైపు పగిలినప్పుడల్లా పొలంలో ఇదే చేసేదాన్నని చెప్పింది. నేను ఫోను చేసినప్పుడల్లా "లేదు" అని జవాబిచ్చింది నా భార్య. నీళ్లు ఆగిన సంగతి ఎందుకు చెప్పలేదని అడిగితే, నువ్వు వాల్వు ఆగిందా అని అడిగావు, వాల్వు ఆగలేదు కదా అంది. లెక్కల టీచరు.

ఈలోపల అత్తమ్మ ప్లంబరు వంశమంతా విచారించింది. ఆయన తల్లి, అత్తమ్మ ఒకే చేలో నాట్లు వేసినవాళ్లని తేలింది. నాట్లప్పుడు ఆయన తల్లి పాటెత్తుకుంటే ఖాజాగూడ గుట్టల దాకా వినపడేదని అత్తమ్మ చెబుతుంటే, ఆ మనిషి టీ గ్లాసు పట్టుకుని తాగడం మరిచిపోయి విన్నాడు. తల్లి పోయి పదేళ్లయిందట. ఆ పాట సంగతి తనకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదన్నాడు. ఆ తర్వాత ఆయనకు ఆమె పెద్దమ్మ అయింది. నేను సార్‌గానే ఉండిపోయాను.

నా మాట కాదనలేక సాయంత్రానికి పళ్లెం బిగించాడు. నాలుగు మూతులూ గోడలో కూర్చున్నాయి. అద్దంలో అంకెలు వెలిగాయి. టెర్రస్ మీద వాల్వు తెరిచి వచ్చి, అందరం తలుపు దగ్గర నిలబడి నీళ్లు విప్పాం. విస్తరంత పళ్లెం అంచున చుక్కలు చేరాయి. చేరి, ఒకదాని కోసం ఒకటి ఆగి, తీరిగ్గా పడటం మొదలుపెట్టాయి. గోడ మూతుల నుంచి నీళ్లు గోడ వెంబడే కారాయి. జలపాతం మీట నొక్కాను. వాన ఆగిపోయింది, ఇంకేమీ రాలేదు. పొగమంచు నొక్కితే లోపలెక్కడో గాలి బుసకొట్టింది. ప్లంబరు నా ముఖం చూడకుండా పానా తుడుచుకున్నాడు. నా భార్య నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి వెళ్లింది. అత్తమ్మ తన మంచి చెయ్యి పళ్లెం కింద చాపి, చాలాసేపు అలాగే ఉంచి, తీసి చూసుకుంది.

"తానం చేద్దామంటె పండుగ దాటిపోతది గని, బట్టలకు ఇస్త్రీ చేసేటప్పుడు చిలకరించుకోను మంచిగుంటది," అంది.

నాకు ఆ మాటతో ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి. డబ్బా మోసుకొచ్చినప్పటి నుంచి నేను ఎంత మూర్ఖంగా ఉన్నానో అప్పటికి గాని తెలియలేదు. నా భార్య చెప్పింది ఒకటి, నేను విన్నది వేరు. తప్పు నాదేనని, ఇప్పుడేం చేద్దామో మీరే చెప్పండని అత్తమ్మతో అన్నాను. అల్లుడి నోట ఆ మాట అంతకుముందు ఆమె విన్నట్టు లేదు. పీట తెప్పించుకుని, బాత్రూములో బకెట్టు నల్లా పక్కన వేయించి, దాని మీద కూర్చుంది. ప్లంబరుతో మాట్లాడింది.

"నీళ్లు పైకి ఎక్కయి గద బిడ్డా, కిందికే దిగుతయి. గా చేతిది నల్లా కాడ్నే పెట్టు. నా భుజం కాడికి ఒక కొక్కెం కొట్టు."

ఆయన పళ్లెం విప్పేసి, గోడ మూతులు మూసేసి, సెట్టులో వచ్చిన చేతి షవరును కింద ఉన్న నల్లాకే కలిపాడు. పొడుగు పైపు. కూర్చున్న మనిషి భుజం ఎత్తున ఒక కొక్కెం, మెడ ఎత్తున ఇంకొకటి. పైపును చేత్తో పట్టుకోకుండా కొక్కేనికి తగిలించి, ఒంటిచేత్తో ఒళ్లు రుద్దుకోవచ్చు. అంత కిందికి దించేసరికి నీళ్లు నిజంగానే ధారగా వచ్చాయి. నాలుగు పలకలు పగలగొట్టే పనే లేకుండె సార్ అని ఆయన వెళ్లేముందు మెల్లిగా అన్నాడు. పాత పలకలకు జోడీ బజారులో ఎక్కడా దొరకలేదు. అక్కడ ఇప్పుడు నీలం చేపల బొమ్మల పలకలు ఉన్నాయి, అత్తమ్మ ఏరినవే. పళ్లెం, మూతులు ప్లంబరుకే ఇచ్చేశాను. అత్తాపూర్‌లో ఎవరిదో గ్రౌండ్ ఫ్లోరు ఇంట్లో బిగించి, అక్కడ దబదబా పడుతున్న వీడియో ఒకటి పంపాడు. దాన్ని నేను రెండుసార్లు చూశాను.

ఆదివారం పొద్దున పదింటికి అత్తమ్మ చేతికి కవరు కట్టించుకుని, ఒక్కతే లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గడియ పెట్టవద్దని నా భార్య బతిమాలింది. పెట్టుకుంది. జారుతుందేమోనని మేమిద్దరం తలుపు బయట నిలబడ్డాం. చాలాసేపు నీళ్ల చప్పుడొక్కటే. మధ్యలో చెల్లెలితో ఏదో పాత లెక్క తేల్చుకుంటున్నట్టు గొణుగుడు వినపడింది. నా భార్య గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంది. అంతలో నీళ్లాగి, లోపలి నుంచి గొంతు వచ్చింది.

"మీకేం పనిల్లేదా? తలుపు కింద నీడలు కనవడుతున్నయ్. పోయి అన్నం వండుండ్రి."

ఆరు వారాలకు కట్టు విప్పారు. ఎముక చక్కగా అతుక్కుందని, చెయ్యి ఇప్పుడు ఎలాగైనా వాడుకోవచ్చని డాక్టరు చెప్పాడు. ఇక కొక్కేలు నిలబడే ఎత్తుకు మార్పిద్దామా అని అడిగాను. ఎందుకు, నిలబడి తానం చేసేంత తొందర మనకేమున్నదని అత్తమ్మ అడ్డం తిరిగింది. నా భార్య కూడా తల్లి పక్షమే. బాచుపల్లి నుంచి గంటన్నర బస్సులో నిలబడి వచ్చిన రోజుల్లో ఆమె నేరుగా వెళ్లి పీట మీద కూర్చుంటుంది, బయటికి వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడదు. ఆరడుగుల మనిషిని, మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా నేనూ అలాగే కూర్చుని చేస్తున్నాను. పీట నాకు చిన్నదని ఇంకొకటి కొంటానంటే, అత్తమ్మ ఈసారి తానూ వెంట వస్తానంది. చెప్పులు వేసుకుని తలుపు దగ్గర నిలబడింది.